మేకల మాలిమి: కొత్త మేకలను ఇంటికి అలవాటు చేయడం

పశువు మనిషిని చూసి బెదరకుండా, కొత్త చోటును తన చోటుగా ఎంచుకొని మసలే స్థితిని మాలిమి అంటారు. మచ్చిక అనే మాటకూ దాదాపు ఇదే అర్థం. సంతలోనో మరొకరి మందలోనో కొని తెచ్చిన మేక ఈ స్థితికి రావడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇంటికి వచ్చిన మేక ఒకటి రెండు రోజులు మేత సరిగా ముట్టకుండా, వచ్చిన దారివైపే చూస్తూ అరుస్తూ ఉంటే అది బెంగ పెట్టుకుందని పల్లెల్లో చెప్పుకుంటారు. ఆ మాట ఊహతో అన్నది కాదు. తోటి మేకల నుంచి విడిపడిన మేక నిజంగానే బెదురుతుంది. అదే సమయంలో మేత మారినందువల్ల దాని పొట్టలో జీర్ణక్రియను నడిపే సూక్ష్మజీవుల కూర్పు కూడా చెదురుతుంది. కొత్త మేక సంరక్షణలోని పద్ధతులు చాలావరకు ఈ రెండు మందలను, అంటే బయట ఉన్న మందను, పొట్టలో ఉన్న మందను, తిరిగి కుదురుకోనివ్వడానికి ఉద్దేశించినవే.

మేకను మనిషి పెంపుడు జంతువుగా చేసుకొని సుమారు పదివేల ఏళ్ళు అయింది. పశ్చిమ ఇరాన్‌లో జాగ్రోస్ పర్వతాల నడుమ ఉన్న గంజ్ దరేహ్ అనే చోట దొరికిన ఎముకలు ఈ మచ్చికకు తొలి ఆధారాలలో ముఖ్యమైనవి. 2019 నాటి ఇరవయ్యవ పశుగణన ప్రకారం భారతదేశంలో 14.88 కోట్ల మేకలు ఉన్నాయి. వీటిలో అత్యధికం మాంసానికి, పాలకు పెంచేవే అయినా, ముద్దుగా పెంచుకొనే మేక కొత్త సంగతేమీ కాదు. పాలు చాలని పసిబిడ్డ కోసం కొన్న పాడిమేక, గ్రామదేవతకు మొక్కుకొని వదిలిన మేకపోతు, తల్లి చనిపోతే సీసాపాలతో బతికించిన పిల్ల తెలుగు ఇళ్ళలో ఎప్పుడూ ఉన్నవే. అమెరికాలోని సియాటిల్ నగరం 2007లో పొట్టిజాతి మేకలను ఇళ్ళలో పెంచుకోవడానికి అనుమతించింది. ఊరేదైనా, అవసరమేదైనా, కొత్త మేకకు కావలసిన తొలి సదుపాయాలు మాత్రం ఒకటే.

మందతోడు

మేక గుంపులో బతికే జంతువు. దాని కంటిపాప అడ్డంగా, దీర్ఘచతురస్రాకారంలో ఉండి, తల తిప్పకుండానే చుట్టూ చాలా మేర చూడగలిగే వీలు ఇస్తుంది. మందలో ఒకటి మేస్తుంటే మరొకటి కనిపెట్టి ఉంటుంది. ఒంటరిగా ఉన్న మేకకు ఈ కాపలా పంచుకొనే తోడు లేనందున అది ఎడతెగక అరుస్తుంది, గోడలు దూకడానికి చూస్తుంది, పడుకొని నెమరు వేయవలసిన వేళలో నిలబడే ఉంటుంది. అందువల్ల మేకలను కనీసం జతగా కొనాలన్నది పెంపకందారులు, పశువైద్యులు ఏకాభిప్రాయంతో చెప్పే మాట. ఆ జత ఒకే మంద నుంచి వచ్చిన తల్లీబిడ్డలో, ఒకే ఈత పిల్లలో అయితే మరీ మేలు. అవి తమలో తాము పెద్ద చిన్న తేల్చుకొనే పని ముందే అయిపోయి ఉంటుంది. కుక్కో, కోడిపెట్టో, ఇంటి పిల్లలో తోడుంటారు కదా అని ఒక్క మేకనే తేవడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. గొర్రె, దూడ కొంతవరకు తోడు కాగలవు గాని మేకకు మేకే సరైన తోడు.

కొనే ముందు

పాలు మరవని పిల్లను తల్లి నుంచి విడదీసి అమ్మడం సంతలలో మామూలే అయినా, మూడు నెలలు నిండిన పిల్లను కొనడమే క్షేమం. వయసును పళ్ళను బట్టి అంచనా వేస్తారు. మేకకు పై దవడ ముందుభాగంలో పళ్ళు ఉండవు, గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. కింది దవడ ముందున్న ఎనిమిదీ సన్నని పాలపళ్ళే అయితే ఏడాదిలోపు మేక అనీ, నడిమి రెండు ఊడి వెడల్పాటి పళ్ళు వస్తే ఏడాది, ఏడాదిన్నర మధ్యదనీ, నాలుగు వస్తే సుమారు రెండేళ్ళదనీ, ఎనిమిదీ మారితే నాలుగేళ్ళకు దగ్గరపడిందనీ లెక్క. ముక్కు కారడం, కళ్ళలో పుసి, తోకకు పేడ అంటుకొని ఉండడం, కుంటడం కనిపించిన మేకను ఎంత చవకగా వచ్చినా వదిలివేయాలి. జాలితో కొన్న జబ్బు మేక ఇంట్లో ఉన్న మంచి మేకలను కూడా తీసుకుపోతుంది. పెబ్బేరు వంటి పెద్ద సంతలకు పలు ఊళ్ళ మందలు వచ్చి కలుస్తాయి కనుక, అక్కడ కొన్న మేక ఆరోగ్యంగా కనిపించినా అంటురోగం దాని వెంట రాలేదని చెప్పడానికి వీలులేదు. తెలిసిన మంద నుంచి నేరుగా కొన్నవారికి ఈ బెడద తక్కువ. కొనేటప్పుడే అమ్మినవారిని మూడు సంగతులు అడిగి రాసుకోవాలి: ఇంతవరకు ఏ మేత వేశారు, నట్టల మందు ఎప్పుడు పోశారు, ఏయే టీకాలు వేయించారు.

ప్రయాణం, తొలి రాత్రి

మేక కాళ్ళు కట్టి ద్విచక్ర వాహనం మీద అడ్డంగా వేసుకొని పోవడం రోజూ కనిపించే దృశ్యమే గాని, అది క్రూరత్వం ఒక్కటే కాదు, ప్రమాదం కూడా. నెమరు వేసే జంతువుల పొట్టలో ఎప్పుడూ వాయువు పుడుతూ ఉంటుంది, అది త్రేన్పుల రూపంలో పోవాలి. పక్కకు పడుకోబెట్టి కట్టిన మేక త్రేన్చలేదు కనుక వాయువు నిలిచి పొట్ట ఉబ్బి, ఊపిరితిత్తులను నొక్కుతుంది. మేక నిలబడడానికి, కాళ్ళు ముడిచి పడుకోవడానికి చోటున్న ఆటోలోనో, చిన్న వ్యానులోనో గడ్డి పరిచి, జారకుండా చూసి, చల్లని వేళ తేవడం మంచిది. ఆరు గంటలు మించిన గొర్రెల, మేకల రవాణాకు 1978 నాటి పశు రవాణా నియమాలలో ప్రత్యేక అధ్యాయమే ఉంది.

దిగిన వెంటనే కావలసింది నీరు, నీడ, నిశ్శబ్దం. చిటికెడు ఉప్పు, కాస్త బెల్లం కలిపిన గోరువెచ్చని నీరు ముందుపెడితే దాహం తీరడమే కాక ప్రయాణపు నీరసం తగ్గుతుంది. ఆ తరువాత ఎండుగడ్డి, పాత ఇంట్లో అలవాటైన ఆకు మాత్రమే వేయాలి. ఆకలితో ఉందని దాణా పెట్టకూడదు. వచ్చిన రోజే స్నానం చేయించడం, ఇరుగుపొరుగు పిల్లలు గుమిగూడి తడమడం, రాత్రి టపాసులు, బొట్టుపెట్టి హారతి ఇచ్చేటప్పుడు కర్పూరం మంట ముఖం దగ్గరికి తేవడం బెదురును పెంచుతాయి. మెడలో దండ వేసే ఆచారం ఉన్న ఇళ్ళలో ఒక జాగ్రత్త అవసరం. మేక ఆ దండను తప్పకుండా తింటుంది, పూజకు వాడే పూలలో గన్నేరు ఒకటి. గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ అన్నింటిలోనూ గుండెను ఆపగల విషం ఉంది; కొద్ది ఆకులు తిన్నా మేక బతకడం కష్టం.

తొలి రాత్రి మేకలు పొద్దుగూకగానే అరవడం మొదలుపెడతాయి. అది పాత మంద దొడ్డికి చేరే వేళ. జతగా ఉన్నవి ఒకదాని డొక్కకు మరొకటి ఆనుకొని పడుకొని ఏ నడిరేయికో సద్దుమణుగుతాయి. అరిచినప్పుడల్లా మనిషి పరుగెత్తి వెళ్తే అరుపుకు మనిషి వస్తాడన్న పాఠం మేక ఒక్క రాత్రిలోనే నేర్చుకుంటుంది, ఆ పాఠం మరిపించడానికి నెలలు పడుతుంది.

కొట్టం

పెద్ద మేకకు కప్పు కింద సుమారు పది చదరపు అడుగులు, బయట దడి లోపల దానికి రెట్టింపు చోటు ఉండాలి. మేక చలికన్నా తడికి ఎక్కువ భయపడుతుంది. వాన తుంపర పడగానే మేత వదిలి కప్పు కిందికి పరుగెత్తే జంతువుకు నేల పొడిగా ఉండడం ప్రాణావసరం. తడి నేల మీద గిట్టలు మెత్తబడి కుంటు వస్తుంది, మూత్రం నిలిచి లేచే ఘాటువాసన ఊపిరితిత్తులను చెరుస్తుంది. నేలను ఎత్తు చేసి మొరం పోయడమో, మూడు నాలుగు అడుగుల ఎత్తున చెక్క పట్టీలతో మంచె వేసి పెంటికలు సందుల్లోంచి కింద పడేలా చేయడమో మన వానలకు తగిన ఏర్పాటు. దడి నాలుగైదు అడుగుల ఎత్తు ఉండాలి, దాని పక్కన ఎక్కి దూకడానికి వీలైన అరుగు, బండి, కట్టెల మోపు ఉండకూడదు. మరోవైపు దడికి దూరంగా, మధ్యలో ఒక బండరాయో పాత బల్లో పెడితే మేకలు దాని మీదికి ఎక్కి నిలబడి కాలక్షేపం చేస్తాయి. ఎత్తు మీద నిలవడం వాటికి పుట్టుకతో వచ్చిన గుణం. గుంజకు కట్టివేయడం తొలి వారాల్లో అసలు పనికిరాదు. బెదిరిన మేక తాడు చుట్టుకొని ఉరిపడుతుంది, వీధికుక్కలు వస్తే కట్టిన మేకకు తప్పించుకొనే దారి లేదు. మేకల మృత్యువుకు పట్టణ శివార్లలో కుక్కల గుంపులు ఒక ముఖ్య కారణమన్నది పశువైద్యులకు బాగా తెలిసిన సంగతి.

మేత మార్పు

మేక పొట్టలో నాలుగు గదులు ఉంటాయి. వాటిలో మొదటిది, అన్నిటికన్నా పెద్దది రూమెన్. తిన్న ఆకు ముందు ఇక్కడ చేరి, సూక్ష్మజీవుల వల్ల పులిసి, నెమరుగా నోటికి తిరిగి వచ్చి, నలిగి మళ్ళీ లోపలికి పోతుంది. పీచును జీర్ణం చేసే సూక్ష్మజీవులు వేరు, గింజలోని పిండిపదార్థాన్ని పులియబెట్టేవి వేరు. ఒక మేతకు అలవాటైన సూక్ష్మజీవుల సంతతి మరొక మేతకు తగినట్టు మారడానికి రెండు నుంచి మూడు వారాలు పడుతుంది. ఈ గడువు ఇవ్వకుండా ఒక్కసారిగా గింజలు, గంజి, మిగిలిన అన్నం, చపాతీలు పెడితే లాక్టిక్ ఆమ్లం పెరిగి, రూమెన్ పుల్లబడి, మేక పళ్ళు కొరుకుతూ మూలన నిలబడిపోతుంది. దీనిని ఆమ్లపు అజీర్తి అంటారు. పండుగనాడు, పెళ్ళినాడు మిగిలిన అన్నం పొట్టనిండా పెట్టడం వల్ల మేకలు చనిపోవడం పశువుల ఆసుపత్రులకు కొత్త కేసు కాదు. ప్రేమతో పెట్టిన మేతే ఇంటి మేకలను ఎక్కువగా చంపుతుందని చెప్పడం అతిశయోక్తి కాదు.

అందువల్ల మేకతో పాటు పాత ఇంటి మేత ఒక మూట వెంట తెచ్చుకోవడం తెలివైన పని. తొలి మూడు నాలుగు రోజులు అదే వేసి, తరువాత నాలుగోవంతు కొత్త మేత, ఆపై సగం, ఆపై ముప్పాతిక చొప్పున రెండు వారాలలో పూర్తిగా మార్చాలి. దాణాను రోజుకు యాభై గ్రాములతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి రెండువందలు, రెండువందల యాభై గ్రాముల వరకు పెంచవచ్చు. ముప్పై కిలోల మేక రోజుకు, మేతలోని నీటిశాతం తీసివేసి లెక్కకడితే, సుమారు ఒక కిలో పొడిపదార్థం తింటుంది; దీనిలో అధికభాగం ఆకు, గడ్డి, వేరుశనగ కట్టె, కంది పొట్టు వంటి పీచుమేత కావాలి.

మేక ఆవులా నేల మీది గడ్డిని మాత్రమే మేసేది కాదు; వెనుకకాళ్ళ మీద నిలబడి, ముందుకాళ్ళు మానుకు ఆనించి, పైపెదవితో కొమ్మను దగ్గరికి లాక్కొని చిగురు తుంచుకుంటుంది. వేప, తుమ్మ, రావి, అవిసె, సుబాబుల్ మండలను మెడ ఎత్తుకు పైన వేలాడదీస్తే కొత్త మేక కూడా వెరపు మరచి మేస్తుంది. దీనివల్ల మరో లాభం కూడా ఉంది. నట్టల పిల్లలు తడి గడ్డిమీద నేలకు కొద్ది అంగుళాల ఎత్తులోనే ఉంటాయి కనుక పైనుంచి తినే మేకకు నట్టలు తక్కువగా సోకుతాయి. నేలమీద పడి తొక్కుడుపడిన ఆకును మేక వాసన చూసి వదిలేస్తుంది. ఏదైనా తినే జంతువుగా దానికున్న పేరు నిజానికి అపవాదు. సుబాబుల్‌లో మైమోసిన్ అనే హానికర పదార్థం ఉన్నందున దానిని మొత్తం మేతలో మూడోవంతు మించనివ్వరాదు. కోసిన జొన్న మోళ్ళ నుంచి వచ్చే పిలకలు, నీటి ఎద్దడికి వాడిన లేతజొన్న హైడ్రోసయనిక్ ఆమ్లం వల్ల విషమవుతాయి. రైతులు నాము అని పిలిచేది వీటినే. కొత్త ఊరి పొలాలు తెలియని మేకను విడిచిపెట్టే ముందు చుట్టుపక్కల జొన్నచేలు ఏ దశలో ఉన్నాయో చూసుకోవాలి.

వేరుగా ఉంచడం

ఇంట్లో అప్పటికే మేకలుంటే కొత్తవాటిని ముప్పై రోజులు వేరే కొట్టంలో, వేరే తొట్లతో ఉంచాలి. ముందు పాత మేకల పని ముగించుకొని, ఆ తరువాతే కొత్తవాటి దగ్గరికి వెళ్ళాలి. రోగక్రిమి ఒంట్లో చేరినది మొదలు లక్షణాలు బయటపడే వరకు పట్టే కాలాన్ని పొదుగుదల కాలం అంటారు. పారుడు రోగంగా వ్యవహరించే పీపీఆర్‌కు ఇది సాధారణంగా నాలుగు నుంచి ఆరు రోజులు. తీవ్రజ్వరం, ముక్కు కళ్ళ నుంచి స్రావం, నోటిలో పుండ్లు, విరేచనాలు దీని లక్షణాలు. భారతదేశంలో ఈ వ్యాధిని మొదట 1987లో తమిళనాడులోని అరసూరు గ్రామంలో గుర్తించారు. దీనిని 2030 నాటికి ప్రపంచంలో లేకుండా చేయాలన్నది ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ లక్ష్యం. దీనికి నమ్మకమైన టీకా ఉంది, నాలుగు నెలలు దాటిన పిల్లలకు వేయిస్తారు. మేత హఠాత్తుగా మారినప్పుడు, తొలకరి పచ్చిక మేసినప్పుడు వచ్చే చిటుక రోగానికి కూడా టీకా ఉంది. ప్రయాణపు అలసట తీరని మేకకు టీకా వేయించకుండా, అది కుదురుకొన్నాక పశువైద్యుని సలహాపై వేయించడం మంచిది.

నట్టలలో రక్తం పీల్చే రకం అన్నిటికన్నా ప్రమాదకరం. మేక కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగి చూస్తే లోపలి పొర ఎర్రగా ఉన్నప్పుడు రక్తం బాగున్నట్టు, తెల్లగా పాలిపోతే నట్టల మందు వెంటనే కావలసినట్టు గ్రహిస్తారు. ఈ పరీక్షకు దక్షిణాఫ్రికాలో రూపొందించిన రంగుల పటాన్ని ఫమాచా అంటారు. పాడిమేక అయితే బ్రూసెల్లా రక్తపరీక్ష తప్పనిసరిగా చేయించాలి, ఎందుకంటే కాచని పాల ద్వారా ఆ వ్యాధి మనిషికి సోకుతుంది. ఒంటరితనం తగదని ముందే చెప్పుకున్నందున ముప్పై రోజుల ఎడబాటు దానికి విరుద్ధంగా తోచవచ్చు. కొత్తవాటిని జతగా తేవాలనడానికి బలమైన కారణం ఇక్కడే ఉంది, అవి ఒకదానికొకటి తోడుగా ఆ నెల గడుపుతాయి.

మచ్చిక

మేక బుద్ధి చురుకైనదని అందరికీ తెలిసినా, దానిని ప్రయోగాలతో నిరూపించినది ఈ మధ్యనే. లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన పరిశీలనలో, తాడును పళ్ళతో లాగి, మీటను ఎత్తి పెట్టెలోని పండును తీసుకోవడం నేర్చుకున్న మేకలు పది నెలల తరువాత కూడా ఆ కిటుకును మరవలేదు. తమకు సాధ్యం కాని పని ఎదురైతే అవి కుక్కల మాదిరి మనిషి ముఖంకేసి చూస్తాయని 2016లోనూ, కోపంగా ఉన్న ముఖం కంటే నవ్వుముఖం ఉన్న చిత్రం దగ్గరికి ముందుగా వెళ్తాయని 2018లోనూ వెల్లడైంది. ఆ ప్రయోగాలలోని మేకలు మనుషుల మధ్య చాలాకాలం మెలగినవన్నది గుర్తుంచుకోవాలి. సంత నుంచి నిన్న వచ్చిన మేకకు మనిషి ముఖం ఇంకా ముప్పుగానే కనిపిస్తుంది.

తొలి వారం మేకను పట్టుకోవడానికి ప్రయత్నించకుండా, కొట్టంలో ఒక పీట వేసుకొని పక్కకు తిరిగి కూర్చోవడమే పని. నిలబడిన మనిషి వేటాడే జంతువులా తోస్తాడు, కూర్చున్నవాడు తోచడు. రెండు మూడు రోజులకు కొత్త మేక వెనుకనుంచి వచ్చి చొక్కా అంచు వాసన చూస్తుంది. అప్పుడు కూడా చేయి చాచకుండా అరచేతిలో నాలుగు తుమ్మకాయలు పెట్టుకొని ఊరుకోవాలి. తినడం అలవాటయ్యాక ముందుగా మెడ పక్కన, తరువాత గదవ కింద గోకవచ్చు. నడినెత్తి మీద చేయి వేయడం, కొమ్ములు పట్టుకొని లాగడం పోట్లాటకు పిలవడమే. మేకపోతు పిల్లతో తలకు తల ఢీకొట్టించి ఆడడం ముచ్చటగా ఉంటుంది గాని, అదే పోతు ఏడాది తిరిగేసరికి నలభై కిలోల బరువుతో ఇంటి ముసలివారిని పడగొడుతుంది. ఒకే వేళకు, ఒకే పిలుపుతో, ఒకే మనిషి మేత వేయడం వల్ల మేక ఆ గొంతుకు అలవాటుపడుతుంది.

పాతవాటితో కలపడం

ముప్పై రోజుల తరువాత పాత, కొత్త మేకలను మధ్యలో తడిక అడ్డుపెట్టి వారం రోజులు ఒకదానికొకటి కనిపించేలా ఉంచి, ఆపైన ఇరుకులేని ఆరుబయట వదలాలి. మందలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న వరుస తేలడానికి అవి తలలు ఢీకొంటాయి. ఇది రెండు మూడు రోజులు సాగడం సహజం. రక్తం వచ్చినా, ఒకదానిని మూలకు నెట్టి లేవనివ్వకపోయినా మాత్రమే విడదీయాలి. మేకలకన్నా ఒక మేత తొట్టి ఎక్కువగా, దూరదూరంగా పెడితే అడుగువరుసలో ఉన్న మేక పస్తు ఉండదు. కొమ్ములున్నవాటితో కొమ్ములులేని మేకను కలపడం మాత్రం ఎప్పుడూ చిక్కే.

కుదురుకొన్న గుర్తులు

ఎండ వేళ మనుషులు పక్కన తిరుగుతున్నా మేక కాళ్ళు ముడిచి పడుకొని, కళ్ళు అరమూసి నెమరు వేస్తుంటే అది ఇంటికి అలవాటుపడినట్టే. ఎడమ డొక్క పల్లంలో పిడికిలి ఆనించి ఉంచితే నిమిషానికి ఒకటి రెండుసార్లు లోపలినుంచి అలలా నెట్టడం తెలుస్తుంది. రూమెన్ సరిగా పనిచేస్తోందనడానికి అది గుర్తు. పెంటికలు విడివిడిగా, గట్టిగా, నిగనిగలాడుతూ ఉండాలి. ఒంటి వేడి 101.5 నుంచి 103.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండడం సహజం. నెమరు ఒక పూటంతా ఆగినా, ఎడమ డొక్క డోలులా ఉబ్బినా, పెంటికలు ముద్దగా మారినా దానిని బెంగ అని సరిపెట్టుకోకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం సేవలు అందుతాయి.